తడినేలను కప్పు నీరుబ్రాహ్మి

పల్లెలలో ఏ యింటి పెరటను జూచినను ఒక మూల ఎల్లప్పుడును తడిసియుండు నేల కానవచ్చును. కుళాయి క్రిందనో, బోరుబావి మోటారు చెంతనో, పాత్రలు తోము బండ చుట్టునో, స్నానపుగది తూము దగ్గరనో నీరు నిత్యము చిందుచునే యుండును. అచ్చట గడ్డి కోసినచో మరల మొలచును. కోయనిచో తుంగ బలియును. త్రొక్కినచో బురద యగును. మనవారు సాధారణముగా రెండు పనులలో నేదో యొకటి చేయుదురు. రాళ్లు పరతురు, లేదా ఆ మూలను మరచిపోవుదురు. రాళ్లు పరచినచో నీరు ప్రక్కకు జరుగును గాని పోదు. మరచినచో ఆ మూల దోమల కాపురమగును. అట్టి తడినేలనే కోరి పెరుగు మొక్క యొకటి మన కాలువగట్ల మీదను, చెరువుల యంచులను, వరిమళ్ల గెనెముల ప్రక్కను ఎవరును నాటకయే మొలచుచున్నది. అదియే నీరుబ్రాహ్మి. దానిని పెరటికి దెచ్చి నేలను గప్పించు విధమును గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

ఇది నేలను బ్రాకు మొక్క. కాడలు మెత్తగను, రసము నిండియు నుండును. కాడయందలి ప్రతి కణుపు నేలను దాకినంతనే వేరు విడుచును. ఆకులు జంటలు జంటలుగా, తొడిమ లేక కాడకంటియే యుండును. మొదట సన్నమై కొనకు వెడల్పయి, చిన్న గరిటె యాకారములో నుండును. ఆకు పొడవు చిటికెనవ్రేలి గోటికంటె కొంచె మెక్కువ. దళసరిగా నుండి, నమలినచో మిక్కిలి చేదుగా నుండును. ఆకుల సందులనుండి సన్నని కాడలమీద ఒక్కొక్క పూవు వచ్చును. పూవునకు అయిదు రేకులు. రంగు తెలుపు, లేక తెలుపులో లేత నీలము, ఒక్కొక్కచోట లేత గులాబి. పూవు చిన్నదే గాని, నీరందినంత కాలము ఏడాదిలో చాల నెలలు పూయుచునే యుండును. ఉదయమున ఎండ పడునప్పుడు ఆకుపచ్చ చాపమీద పేలాలు చల్లినట్లుండును. నాలుగైదంగుళములకు మించి ఎత్తు లేవదు. ఒకసారి పాతుకొన్నచో ఏండ్ల తరబడి నిలుచును. ఏటేట విత్తవలసిన పని లేదు.

పేరు విషయమున చాల చిక్కు గలదు. ఈ చిక్కువలన సొమ్ము పోగొట్టుకొన్నవారును గలరు గనుక, దీనిని కొంత విస్తరించి చెప్పుట యవసరము. మన తెలుగుదేశమున సరస్వతియాకు అని పిలుచునది వేరు మొక్క. దానికి గుండ్రని ఆకు, మొదట లోతైన చీలిక, పొడవైన తొడిమ. కప్పపాదము వలె నుండుటచే సంస్కృతమున మండూకపర్ణి యనిరి. అది కొత్తిమీర కుటుంబమునకు జెందినది. నీరుబ్రాహ్మి యట్లు కాదు. ఇసబ్గోలు కుటుంబమునకు జెందినది. ఉత్తరదేశమున పలుచోట్ల బ్రాహ్మి యన్నచో మండూకపర్ణిని చూపుదురు. కేరళమున బ్రాహ్మి యన్నచో నీరుబ్రాహ్మియే. కొన్ని తెలుగు పుస్తకములలో దీనికి సంబ్రాణిచెట్టు అను పేరును గలదు. ధూపము వేయు సాంబ్రాణికిని దీనికిని ఏ సంబంధమును లేదు. పేర్లు ఇట్లు కలగాపులగమైనప్పుడు శాస్త్రజ్ఞుల నామమే గతి. దీని శాస్త్రనామము బకోపా మొన్నియేరీ. 1756లో లినియసు దీనిని వేరొక జాతిలో జేర్చి, ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడగు లె మొన్నియే పేర మొన్నియేరీ యని పిలిచెను. పాతపుస్తకములలో హెర్పెస్టిస్ మొన్నియేరా యని యుండును. గెనెము మీద మన తాతలు త్రొక్కుచు నడచిన మొక్కకు ఫ్రాన్సు రాజవైద్యుని పేరు దక్కుట వింతయే గాని, పిలక కొనునప్పుడు ఈ పేరు నడిగి తీసికొన్న రైతు మోసపోడు. సభ్యులు గుర్తుంచుకొనుటకు ఒక్క మాట చాలును: ఆకు గుండ్రముగా నుండి పొడవైన తొడిమ యున్నచో అది సరస్వతియాకు, ఆకులు జంటలై కాడకంటియున్నచో నీరుబ్రాహ్మి.

ఇక నాటు విధము. విత్తనములు ధూళివలె సన్నములు. వానిని నమ్మి లాభము లేదు. కాడముక్కలే విత్తనము. దగ్గరి కాలువగట్టునుండి, మురుగు కలియని తావునుండి, ఒక గుప్పెడు పిలకలు తెచ్చికొనుడు. నాలుగంగుళముల ముక్కలుగా, ఒక్కొక్క దానికి మూడు నాలుగు కణుపులుండునట్లు త్రుంపవలెను. వేరు విడిచిన ముక్కలు శ్రేష్ఠము. ఆరంగుళముల ఎడమున నాటినచో చదరపుటడుగునకు నాలుగు ముక్కలు పట్టును. పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల మడికి 400. ఒక సెంటునకు సుమారు 1740. ఇన్ని యొక్కసారి దొరకనిచో తొందర లేదు. నాలుగు చదరపుటడుగుల నారుమడి చేసినచో రెండు నెలలలో అదియే మిగిలిన దానికి పిలకల నిచ్చును. కొని తెచ్చువారు వ్యర్థముగా ఖర్చు చేయుచున్నారని మా యభిప్రాయము.

నాటుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. దానిని విడిచినచో తక్కినదంతయు వృథ. అది తుంగను తీయుట. నేలను కప్పు మొక్క కలుపును అణచునని పుస్తకములలో వ్రాయుదురు. చిన్న చిన్న విత్తనపు మొలకల విషయమున అది నిజమే. తుంగ విషయమున నిజము కాదు. తుంగగడ్డ భూమిలోనుండి సూదివలె ఈ చాపను పొడుచుకొని పైకి వచ్చును. అప్పుడు దానిని పీకినచో నీరుబ్రాహ్మి వేళ్లును కూడ వచ్చును. కావున వేసవిలో, ఆ మూలకు నీరు పోకుండ కొన్నాళ్లు మళ్లించి, ఎనిమిదంగుళముల లోతున పార వేసి, గడ్డలను ఏరి ఎండలో పడవేయవలెను. ఇరువది దినముల పిమ్మట మరల మొలచినవానిని రెండవసారి త్రవ్వి ఏరవలెను. గరికకును ఇదియే చికిత్స. ఆ తరువాత నూరు చదరపుటడుగులకు ఒకటి రెండు తట్టల చివికిన పశువుల ఎరువు కలిపి, నేలను చదును చేసి, తొలకరి వానలు పడినంతనే నాటవలెను. యూరియా వేయ నక్కరలేదు. వేసినచో కాడలు పొడవుగ సాగి నేలనుండి లేచి పడిపోవును.

మొదటి రెండు వారములు నేల ఆరరాదు. అటుపిమ్మట కుళాయినీరే చాలును. ఈ మొక్క నీటిలో పూర్తిగ మునిగియు బ్రతుకగలదు. పట్టణములలో చేపలతొట్లు పెట్టువారు దీనిని నీటి యడుగుననే పెంచుచున్నారు. అందుచే వానకాలమున పెరడు నాలుగు దినములు నీట మునిగినను భయము లేదు. దీనికి శత్రువు వరద కాదు, ఏప్రిలు మే నెలల పొడి. నేల బీటలిచ్చునంతగా ఎండినచో ఆకులు మాడి, పైభాగము చచ్చును. కణుపులలో ప్రాణముండి మరల నీరు దొరకినప్పుడు చిగిర్చుట గలదు గాని, ప్రతియేటను అట్లు చేసినచో చాప పలుచబడి తుంగకు దారి యిచ్చును. రోజునకు ఆరు గంటల ఎండ యున్నచోట బాగుగ పూయును. సగము నీడలో పెరుగును. చింతచెట్టు క్రింది దట్టపు నీడలో కాడలు సాగి పూవులు పూయక నిలుచును. కొంచెము ఉప్పునీటిని ఓర్చుకొనుట దీని మరియొక గుణము. కోనసీమ, దివిసీమ మొదలగు సముద్రతీర గ్రామములలో ఉప్పు తగిలిన నేలలందు గులాబి చేమంతి పెంచి విసిగినవారు దీనిని ప్రయత్నింపవచ్చును.

మూడు నెలలకు చాప అల్లుకొని దట్టమగును. అప్పుడు కొడవలితో రెండంగుళములు మిగిల్చి పైకోత కోయవలెను. కోయకుండ విడిచినచో క్రొత్తకాడలు పాతకాడలపై ప్రాకి, క్రిందివి గాలి తగులక క్రుళ్లును, నత్తలు చేరును. ఏడాదికి మూడు నాలుగు కోతలు చాలును. నత్తలను సాయంకాలము లాంతరుతో ఏరివేయుటయే మేలు. మిడుతలు ఆకులను తినినచో వేపగింజల కషాయము, లీటరు నీటికి 50 గ్రాముల పప్పు పొడి చొప్పున నానబెట్టి వడగట్టి చల్లుడు. వెడల్పాకు కలుపును చంపు 2,4-డి వంటి మందులు దీనికి విషమే. ప్రక్క మడిలో చిమ్మునప్పుడు గాలివాటమును చూచుకొనవలెను. ఇది త్రొక్కుడును ఓర్చునది కాదు. కాలు పడినచో రసము చింది జారును. బిందె యెత్తుకొన్న ఆడవారు పడు ప్రమాదము గలదు. నడచు త్రోవలో అడుగునకొక చపటారాయి వేసి, రాళ్ల సందులలో మాత్రమే దీనిని నాటుడు.

చెట్ల పాదులలో నాటవచ్చునా యని సభ్యులు తరచుగా నడుగుచున్నారు. కొబ్బరి, అరటి పాదులలో నాటవచ్చును; దీని వేళ్లు పైపైననే యుండును. కాని నిమ్మ, బత్తాయి, బొప్పాయి మొదళ్లలో ఎంతమాత్రమును నాటరాదు. ఈ చెట్ల మొదలు నిత్యము తడిసియున్నచో మొదలుకుళ్లు, బంకకారు తెగుళ్లు పట్టును. ఇది నేలను తడిగ నుంచును గదా, ఆ గుణమే వానికి మృత్యువు. నిమ్మ మొదలునుండి మూడడుగులు ఎడముగ నుంచి, మొదట మట్టిని ఎగదోసియుంచుడు. అందముగ నున్నదని మొదటిదాక ప్రాకనిచ్చి రెండేండ్ల బత్తాయిచెట్లను పోగొట్టుకొన్న తోటను మేము చూచితిమి.

దోమల మాటయు చెప్పవలెను. మొక్క నాటినంత మాత్రమున దోమలు పోవు. తడినేల వేరు, నిలువనీరు వేరు. నేల తడిసి మొక్క దానిని పీల్చుచున్నంతవరకు బాధ లేదు; మొక్కల నడుమ నీరు వారము దినములు గుంటలో నిలిచినచో అందు దోమపిల్లలు పెరుగును, పైన ఆకు కప్పియుండుటచే మన కంటికి గానరావు. కావున నాటుటకు ముందే నేలను ఒకవైపునకు వాలుచేసి, మిగులునీరు ఇంకుడుగుంటకు పోవునట్లు చేయవలెను. ఇంకుడుగుంట లేని యింట నీరుబ్రాహ్మి ఒక పచ్చని మూతయే యగును.

ఇదే పనికి తగిన మరి రెండు మొక్కలను గూర్చి కొద్దిగ చెప్పెదము. బొక్కెన యనునది చెరువుగర్భములలో ప్రాకు మొక్క. ఆకు కొనయందు రంపపు పండ్లుండును. చిన్న బొడిపెల చుట్టును తెల్లని, గులాబి పూవులు వలయముగ పూయును. తేనెటీగలు దానిని మిక్కిలి కోరును. నీరుబ్రాహ్మి కంటె పొడిని ఓర్చును, కాలి త్రొక్కుడును కొంత యోర్చును. ఎండుచు తడియుచునుండు నేలకు అదియే తగినది. అయితే దాని ప్రాకుడు బలమైనది. దీని దగ్గరి జాతి యొకటి ఆస్ట్రేలియాలో ముర్రే–డార్లింగు నదుల వరదభూములను ఆక్రమించి పశువుల మేతగడ్డిని అణచివేయుచున్నది. మనదేశమున అట్టి బాధ కనబడలేదు గాని, పెరటి హద్దున ఒక గాడి త్రవ్వియుంచుట మంచిది.

రెండవదానిని వలదని చెప్పుటకే పేర్కొనుచున్నాము. పచ్చపూలతో, మూడు తమ్మెల ఆకుతో, నిగనిగలాడు తీగ యొకటి నర్సరీ బండ్లమీద వచ్చుచున్నది. వెడేలియా యందురు. అమెరికా ఖండపు ఉష్ణదేశములనుండి వచ్చినది. నీరు పెట్టినను పెట్టకున్నను పెరుగును. నెలలోనే నేలను గప్పును. చూచినవారికి ఆశ పుట్టుట సహజము. అయితే ప్రపంచమున మిక్కిలి హానిచేయు నూరు పరదేశపు జీవజాతులని నిపుణులు కూర్చిన పట్టికలో ఇదియు నొకటి. త్రుంచి పారవేసిన కాడ కాలువలో పడినచో క్రిందిగ్రామమున గట్టెక్కి మొలచును. కాలువనీటితో సేద్యము చేయువారము గనుక మనము నాటినది మన పెరటితో నాగదు. ఇదివరకే నాటినవారు వేళ్లతో పీకి ఎండబెట్టి కాల్చుడు, కాలువలో వేయకుడు.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. నీరుబ్రాహ్మి ఆయుర్వేదమున పేరు గన్న మూలిక. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనాలయమువారు 1960 దశకమున దీనినుండి బకోసైడులను పదార్థములను వేరుచేసి వర్ణించిరి. జ్ఞాపకశక్తికి మంచిదని పేరు గలదు గనుక, పెరట పెరిగినంతనే పిల్లలకు నూరి పోయు తల్లులు గలరు. వారు రెండు సంగతులెరుగవలెను. మొదటిది, ఇది కొందరికి వికారమును, కడుపునొప్పిని, విరేచనములను కలిగించును. ఇతర మందులు వాడువారు, గర్భిణీస్త్రీలు వైద్యుని అడుగక తినరాదు. రెండవది యింకను ముఖ్యము. ఈ మొక్కకు నీటిలోని సీసము, కాడ్మియము, క్రోమియము, పాదరసము వంటి విషలోహములను పీల్చి తన కాడలలోను ఆకులలోను కూర్చుకొను స్వభావము గలదని పరీక్షలలో తేలినది. మురికినీటిని శుభ్రపరచుటకు దీనిని వాడవచ్చునా యని శాస్త్రజ్ఞులు పరిశీలించుచుండుట కిదియే కారణము. కాలువ చేయు ఉపకారమే వంటింటికి అపకారమగును. మురుగుతూము వద్ద, రంగుల కార్ఖానా నీరు వచ్చుచోట, మోటారు నూనె కారుచోట, పాత బ్యాటరీలు పడవేసిన మూలను పెరిగిన నీరుబ్రాహ్మి నోట పెట్టదగినది కాదు, అమ్మదగినది కాదు. ఎంత కడిగినను ఆ విషము పోదు, అది ఆకు పైన నున్నది కాదు, లోపల నున్నది. పట్టణపు మురుగుకాలువ గట్లమీద కోసి మూటలు గట్టి అమ్ముచున్నారని వినుచున్నాము. తూము ప్రక్క మొక్క కంటికి, నేలకు మాత్రమే. తినదలచినవారు మంచినీటితో వేరుగ నొక తొట్టిలో పెంచుకొనుడు.

అమ్మకపు మాట వచ్చినది గనుక దానినిగూడ చెప్పి ముగించెదము. గడచిన సంవత్సరమున మా సర్కిలులో నొక సభ్యుడు, పిలకలమ్మిన వ్యాపారి ఆకును తానే కొనెదనని నోటిమాట యిచ్చుటచే, అరయెకరము వరిపొలమును మాని దీనిని నాటెను. పైరు చక్కగ వచ్చెను. అక్టోబరు నవంబరు నెలలు కోతకాలము, అప్పుడే తుపానులు. ఈ కాడలు రసముతో నిండినవి. పచ్చిది అయిదు మణుగులు ఎండినచో మణుగు మిగులుట కష్టము, ఆ ఎండుటకును పది పండ్రెండు దినములు కావలెను. కళ్లములో కుప్పవేసిన యాకు బూజుపట్టెను. వ్యాపారి రాలేదు. వచ్చియున్నను బూజుపట్టినదానిని కొనడు. ఆ సభ్యుని శ్రమను నిందింపము. ఎండబెట్టు తావు, కొనువాని సంతకము అను రెండును లేకుండ పైరు మార్చుట మాత్రము ఇతరులు చేయరాదు.

విస్తారముగ పెంచదలచినవారికి ప్రభుత్వపు సంస్థలు గలవు. లక్నోలోని కేంద్రీయ ఔషధ సుగంధ మొక్కల సంస్థవారు సుబోధక్, ప్రజ్ఞాశక్తి యను రకములను విడుదల చేసియున్నారు. ఆ సంస్థకు హైదరాబాదు చెంత బోడుప్పలులో పరిశోధన కేంద్రము గలదు. 2000 సంవత్సరమున ఢిల్లీలో జాతీయ ఔషధమొక్కల మండలి ఏర్పడినది. ముందు అచ్చట విచారించి, కొనువానితో కాగితము వ్రాయించుకొని, బకోసైడుల పాలును విషలోహములను పరీక్షించు ఖర్చు ఎవరిదో ఆ కాగితములోనే తేల్చుకొని, అప్పుడు పొలమును గూర్చి యాలోచింపవచ్చును. తక్కినవారికి కుళాయి చుట్టున అరసెంటు చాలును.

సంఘపు గిడ్డంగి వెనుక మంచినీటి తొట్టి ప్రక్కను పెంచిన మడినుండి ఈ వానకాలమున సభ్యులకు పిలకలు వెలలేకుండ నిచ్చెదము. గోనెసంచిని తడిపి తెచ్చుకొనుడు; ఎండిన సంచిలో వేసినచో ఇల్లు చేరునప్పటికి కాడలు వాడును. సాయంకాలము తీసికొనిపోయి ఆ రాత్రి నీటి తొట్టిలో నుంచి మరునాడు ఉదయముననే నాటుడు. ఒక్కొక్క యింటికి నూరు ముక్కలు. తుంగ తీసిన మడి యున్నవారికి ముందు.